కరువు నాటి తకావి మొదలు కరోనా నాటి భరోసా వరకు

పంట పండించువాని నుండి పుచ్చుకొనుట రాజ్యము లెంత పాతవో అంత పాతది. ఆరవ పాలు, సగపాలు, పేష్కషు, సిస్తు, నీటి తీరువ యని పేర్లు మారుచు వచ్చినవి గాని, కొలిచిన ధాన్యమును లెక్కించిన పైకమును కళ్లము నుండి కచేరీ వైపునకే నడచుచుండెను. కచేరీ నుండి కళ్లము వైపునకు పైకము నడచుట ఈ ప్రాంతపు చరిత్రలో మిక్కిలి ఆలస్యముగ వచ్చిన సంగతి. 2020 ఏప్రిలు మాసమున, దేశమంతయు తలుపులు బిగించుకొని కూర్చున్న వేళ, శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల రైతుల బ్యాంకు ఖాతాలలో రెండేసి వేల రూపాయలు పడెను. తహసీలుదారు గ్రామమునకు రాలేదు. జామీనుదారు వ్రేలిముద్ర వేయలేదు. తిరిగి చెల్లింపుమని యెవరును అడుగలేదు. మొత్తము చిన్నదే. అయినను, నూటయేబది యేండ్ల వెనుకటి రైతునకు ఈ మాట చెప్పినచో నమ్మి యుండెడివాడు కాడు. అయితే ఆ పాతకాలపు రైతు అడిగియుండదగిన ప్రశ్న యొకటి నేటికిని మిగిలియున్నది: ఆ పైకము దున్నినవానికి వచ్చెనా, దస్త్రములో పేరున్నవానికి వచ్చెనా?

ఈ ప్రశ్న ఎచ్చట పుట్టినదో తెలియవలెనన్న జమీందారీల నాటికి పోవలెను. ఇప్పటి శ్రీకాకుళము నాడు చికాకోలు అను పేర గంజాము జిల్లాలోను, విజయనగరము, బొబ్బిలి, పార్వతీపురములు విశాఖపట్టణము జిల్లాలోను చేరియుండెను. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు గంజాము చీలి, ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళము ప్రాంతములు విశాఖపట్టణము జిల్లాకు వచ్చినవి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళమును, 1979 జూను 1న విజయనగరమును ప్రత్యేక జిల్లాలైనవి. 2022 ఏప్రిలులో ఈ రెండింటి నుండి పార్వతీపురము మన్యము జిల్లా వేరుపడెను. సరిహద్దు లెట్లు మారినను భూమిలో అధిక భాగము జమీందారులదే. 1802 నాటి శాశ్వత బందోబస్తు ననుసరించి జమీందారు సర్కారునకు కట్టవలసిన పేష్కషు స్థిరమై పోయెను. వాన కురిసినను కురియకున్నను ఆ మొత్తము మారదు.

ఇందువలన రైతునకు కలిగిన నష్టము సులభముగ కనబడదు గాని చాల లోతైనది. శ్రీకాకుళము తాలూకా వంటి సర్కారు తాలూకాలలో పంట చెడిన యేట రైతు అర్జీ పెట్టుకొనవచ్చును. అధికారులు చేను చూచి సిస్తులో కొంత మాఫీ చేయవచ్చును. ఏలన, అచ్చట రైతు పేరు సర్కారు లెక్కలో కలదు. విజయనగరము, బొబ్బిలి, మందస, పర్లాకిమిడి జమీందారీలలోని రైతు పేరు సర్కారు లెక్కలో లేదు. దివాణపు లెక్కలో మాత్రమే కలదు. వానికి మాఫీ యనునది జమీందారు దయాదాక్షిణ్యములకు సంబంధించిన విషయము. దయగల ప్రభువులు లేకపోలేదు. అయినను దయ వేరు, హక్కు వేరు.

1865లో వానలు ముందుగనే నిలిచిపోయెను. మరుసటి యేడు ఒరిస్సాలో ఘోరమైన క్షామము సంభవించి సుమారు పది లక్షలమంది మరణించిరి. ఆ క్షామము గంజాము జిల్లాను కూడ తాకెను. దక్షిణమున నున్న చికాకోలు కంటె ఉత్తర భాగములే ఎక్కువగ బాధపడినవి. ఆ యేడే మద్రాసు గవర్నరు పదవికి వచ్చిన నేపియరు ప్రభువు స్వయముగ గంజాము వచ్చి చూచెను. నాటి సహాయము రెండు విధములు: నడువలేనివారికి గంజి, నడువగలవారికి కూలిపని. మట్టి మోసిన వానికే దమ్మిడీలు. రైతునకు రైతుగ నేమియు లేదు. నాగలి విడిచి తట్ట నెత్తుకొన్న పిదపనే వాడు సర్కారు కంటికి కనబడెను.

1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును మ్రింగిన కరువు ఉత్తర సర్కారులను అంతగ తాకకున్నను, దాని ఫలితముగ వచ్చిన శాసనములు ఇచ్చటికిని వచ్చినవి. 1880లో స్ట్రాచీ అధ్యక్షతన క్షామ విచారణ సంఘము నివేదిక నిచ్చెను. దాని వెంట క్షామ నిబంధనావళులు పుట్టినవి. 1883లో భూమి అభివృద్ధి ఋణముల చట్టము, 1884లో వ్యవసాయదారుల ఋణముల చట్టము చేయబడినవి. మొదటిది బావులు, గట్లు మున్నగు శాశ్వతమైన పనులకు. రెండవది విత్తనములకు, ఎడ్లకు, ఆపద గడచుటకు. ఈ ఋణములనే జనులు తకావి యనిరి. బలము చేకూర్చుట యని ఆ అరబ్బీ మాటకు అర్థము.

తకావి పొందుట యెట్లో కొంత వివరముగ తెలిసికొనదగును. రైతు అర్జీ పెట్టవలెను. కరణము ఆ భూమి వానిదేనని, దానిపై బాకీ యింత కలదని వ్రాసి యీయవలెను. భూమి చాలనిచో జామీనుదారులు కావలెను. రెవిన్యూ ఉద్యోగి విచారణకు వచ్చును. వచ్చినవానికి మర్యాదలు జరుగవలెను. ఋణము మంజూరై పైకము చేతికి వచ్చుసరికి విత్తు అదను దాటిపోవుటయు కలదు. ఇక తీర్చుట యెట్లు? వాయిదా తప్పినచో అది సిస్తు బకాయి వలెనే వసూలు కాదగినది. అనగా జప్తు, వేలము. వడ్డీ షావుకారు వడ్డీ కంటె తక్కువయే. అయినను షావుకారు పంట చెడినప్పుడు పత్రము తిరుగవ్రాయించుకొని ఆగును; సర్కారు ఆగదు. ఈ కారణముననే తక్కువ వడ్డీ తకావిని వదలి ఎక్కువ వడ్డీ షావుకారు గడప త్రొక్కిన రైతును అవివేకి యనుటకు వీలులేదు.

కౌలుదారుని మాట చెప్పనక్కరయే లేదు. పూచీగ పెట్టుటకు భూమి లేనివానికి తకావి దొరకుట దుర్లభము. 1908 నాటి ఎస్టేటు భూముల చట్టము జమీందారీ రైతునకు జిరాయితీ హక్కును, పట్టాను ఇచ్చెను. అది పెద్ద మేలు. కాని ఆ రైతు క్రింద కౌలునకు దున్నువాడు ఉండిన చోటనే యుండెను. గడప యొక మెట్టు క్రిందికి దిగెను గాని గడప పోలేదు.

1918లో వచ్చిన విషజ్వరమును ఇచ్చట ప్రత్యేకముగ చెప్పుకొనవలెను. ఏలన, 2020 నాటి వ్యాధికి నిజముగ పోల్చదగినది అదియే. బొంబాయి రేవున దిగిన ఇన్‌ఫ్లుయెంజా ఆ శరత్కాలమున దేశమంతట వ్యాపించి కోటికి మించిన ప్రాణములను తీసికొనెను. 1911కును 1921కిని నడుమ భారతదేశపు జనసంఖ్య పెరుగుటకు మారుగ కొంచెము తగ్గెను. జనాభా లెక్కలు ఆరంభమైన పిమ్మట అట్లు జరిగినది ఆ దశాబ్దమున మాత్రమే. ఆ యేడే వానలును మోసగించెను. యుద్ధము వలన ధరలు పెరిగియుండెను. కోతకు మనిషి లేక, కోసినచో మోయుటకు మనిషి లేక చేలు నిలిచిన కాలమది. గ్రామ మునసబుల మరణ లెక్కలలో ఈ చావులు పెక్కు చోట్ల కేవలము జ్వరమను పద్దు క్రిందనే చేరిపోయినవి. ఆ వ్యాధి పేరిట రైతునకు పైకము నిచ్చు ఆలోచన నాటి ప్రభుత్వమునకు లేకుండెను. క్షామ మున్నచో క్షామ నిబంధనలు, లేకున్న తకావి. అంతకు మించి లేదు.

ఆ కాలమున ఈ తీరపు కుటుంబములను నిలిపినది వేరొక పైకము. కళింగపట్టణము, భీమునిపట్టణము రేవుల నుండి వేలకొలది కూలీలు రంగము పోయిరి. రంగూను బియ్యపు మిల్లులలోను, రేవులోను మూటలు మోసినవారు పంపిన సొమ్ము ఇచ్చట సిస్తులు కట్టెను, పెండ్లిండ్లు చేసెను, కరవు గడిపెను. ఈ జిల్లాలకు నిజమైన తకావి రంగము నుండి వచ్చినదనినచో అతిశయోక్తి కాదు.

రైతు తానుగ నోరు విప్పిన ఘట్టమును విడువరాదు. 1937లో ఇచ్ఛాపురము నుండి బయలుదేరిన రైతు యాత్ర ఊరూర సభలు చేయుచు కోస్తా వెంబడి కాలినడకను మద్రాసు చేరెను. ఆ దినములలోనే ప్రకాశము పంతులుగారి అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘము కూర్చుండెను. 1938లో రాజగోపాలాచారిగారి ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణ విముక్తి చట్టమును చేసి పాత బాకీల వడ్డీ భారమును తగ్గించెను. ఖజానా నుండి పైకము రాలేదు గాని, షావుకారు పుస్తకమున కొన్ని అంకెలు కొట్టివేయబడినవి. 1948లో జమీందారీ రద్దు చట్టము వచ్చి, ఎస్టేటులు ఒక్కొక్కటిగ సర్కారు వశమైనవి. దివాణపు లెక్కలోని రైతు పేరు అంతటితో సర్కారు లెక్కలోనికి ఎక్కెను. 1802లో తెగిన దారము నూటయేబది యేండ్లకు మరల ముడిపడెను.

ఆ పిమ్మటి సంగతులు చదువరులకు తెలిసినవే గనుక తొందరగ దాటవచ్చును. 1956లో ఆంధ్ర కౌలుదారీ చట్టము వచ్చినను నోటిమాట కౌలునకు కాగితము పుట్టలేదు. 1971లో పట్టాదారు పాసుపుస్తకముల చట్టము చేయబడెను. 1984 జనవరిలో కరణము, మునసబు పదవులు రద్దయ్యెను. 1990లోను, 2008లోను, 2014 తరువాతను ఋణమాఫీలు వచ్చినవి. మాఫీ యనునది ఋణము పుట్టినవానికే గదా. బ్యాంకు గడప త్రొక్కని కౌలుదారునికి మాఫీ చేయుట కేమున్నది? 2011లో లైసెన్సు పొందిన సాగుదారుల చట్టమని యొకటి చేసి కౌలురైతునకు ఏటేట గుర్తింపు కార్డు నీయ యత్నించిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు విరుచుకుపడినవి. తిత్లీ ఉద్దానములోని కొబ్బరిని, జీడిని మొదలంట కూల్చినప్పుడు పరిహారపు జాబితాలలో మొదటి తగవు మరల ఇదియే: చెట్టు పెంచినవా డొకడు, భూమి పేరు మరియొకనిది.

ఋణము కాక, పరిహారము కాక, రైతునకు ఏటేట ఉచితముగ పైకము నిచ్చు పద్ధతి 2019లో దేశమంతటికి వచ్చెను. కేంద్ర ప్రభుత్వము 2019 ఫిబ్రవరి 24న ఆరంభించిన పీఎం కిసాన్ పథకము క్రింద భూమిగల రైతు కుటుంబమునకు ఏటికి 6,000 రూపాయలు మూడు విడతలుగ నిర్ణయింపబడెను. మొదట రెండు హెక్టార్ల లోపు వారికే యని, పిదప అందరికి విస్తరించిరి. ఆదాయపు పన్ను కట్టువారిని, ప్రభుత్వోద్యోగులలో అధికులను మినహాయించిరి. భూమి పత్రము లేని కౌలురైతునకు అందు చోటు లేదు. అదే యేడు అక్టోబరు 15న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతు భరోసా పథకమును మొదలుపెట్టి, కేంద్రమిచ్చు 6,000కు తన 7,500 చేర్చి, ఏటికి 13,500 రూపాయలు చేసెను. ఇందొక విశేషము కలదు. భూమి లేని కౌలురైతులలో షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకులకు చెందినవారికిని, దేవాదాయ భూముల సాగుదారులకును, అటవీ హక్కు పత్రములు గల గిరిజనులకును మొత్తము 13,500ను రాష్ట్రమే యిచ్చునని నిర్ణయించిరి. తకావి నాటి నుండి మూసియున్న తలుపు మొదటిసారి కొంత తెరచుకొనెను.

ఇంతలో వ్యాధి వచ్చెను. 2020 మార్చి 25 నుండి దేశమంతట రాకపోకలు నిలిచినవి. ఈ రెండు జిల్లాలలో విచిత్రమేమనగా, వ్యాధి కంటె ముందుగ నష్టము వచ్చెను. శ్రీకాకుళము జిల్లాలో మొదటి కేసులు ఏప్రిలు చివరి వారమున పాతపట్నము ప్రాంతమున బయటపడినవి. విజయనగరము జిల్లాలో మే మొదటి వారము వరకు ఒక్కటియు లేదు. కాని మొక్కజొన్న కోతకు వచ్చెను, కొనువాడు లేడు. ఉద్దానమున జీడిపిక్కలు రాలు కాలము. పలాసలో జీడిపప్పు పరిశ్రమలు మూతపడెను. విజయనగరము మామిడి కాయదశలో నుండెను, లారీలు లేవు. గుజరాతు తీరమున వేరావలు రేవులో ఈ ప్రాంతపు మత్స్యకారులు వేలకొలది చిక్కుకొనిపోయి, ఏప్రిలు చివర బస్సులలో ఇండ్లకు తరలింపబడిరి. నాడు రంగము పైకము కరవు గడిపినది. ఈమారు వలస పోయినవారే చేతులూపుకొనుచు తిరిగి వచ్చుటచే ఆ దారియు మూసికొనెను.

మార్చి 26న కేంద్రము ప్రకటించిన గరీబ్ కల్యాణ్ సహాయములో భాగముగ, పీఎం కిసాన్ తొలి విడత 2,000 రూపాయలను ఏప్రిలు మొదటనే 8.7 కోట్ల రైతులకు వేయుటకు నిశ్చయించిరి. నిజమునకు ఇది క్రొత్త సొమ్ము కాదు. రానున్న విడతను ముందుకు జరిపిరి. స్త్రీల జన్‌ధన్ ఖాతాలకు మూడు నెలలు నెలకు 500, మనిషికి అయిదు కిలోల ఉచిత బియ్యము క్రొత్తవి. ఏప్రిలు 4న రాష్ట్రమున బియ్యపు కార్డు గల కుటుంబములకు గ్రామ వాలంటీర్లు ఇంటింట వెయ్యేసి రూపాయలు పంచిరి. మే 15న రైతు భరోసా క్రింద రాష్ట్రము మరి 5,500 వేసెను. ఏప్రిలు సొమ్ముతో కలిపి 7,500 అయినది. రోహిణి కార్తెకు పది దినముల ముందు ఈ పైకము వచ్చుట సమయోచితమైన పనియని ఒప్పుకొనవలెను. ఎదలు జల్లుటకు విత్తనము, దుక్కికి ట్రాక్టరు కిరాయి, అప్పటికి అవసరమైనవి ఇవియే. తకావి అదను దాటి వచ్చెడిది. ఇది అదనుకు ముందుగ వచ్చెను.

అయినను విలువ కట్టి చూడవలెను. ఆ యేటి మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలునకు 1,760. కాబట్టి ఏప్రిలు నాటి 2,000 ఒక క్వింటాలున్నర ధరకు కూడ చాలదు. ఉపాధి హామీ పనికి రాష్ట్రమున నాడు నిర్ణయించిన కూలి దినమునకు 237. ఆ లెక్కను తొమ్మిది దినముల కూలికి తక్కువ. అరయెకరము వానికిని అయిదెకరముల వానికిని ఒకే మొత్తము. అమెరికాలో అదే ఏప్రిలున ప్రకటించిన పద్ధతి దీనికి పూర్తిగ భిన్నము. అచ్చటి ప్రభుత్వము రైతులకు నేరుగ 1,600 కోట్ల డాలర్లు కేటాయించి, కౌంటీ కార్యాలయముల ద్వారా, ఎవరి పంటకు, పశువులకు ఎంత నష్టమో లెక్కగట్టి పంచెను. ఒక మనిషికి రెండు లక్షల యేబది వేల డాలర్ల వరకు పరిమితి. నష్టము కొలది పంచినచో పెద్ద కమతము పెద్ద పాలు తీసికొనును. సమానముగ పంచినచో చిన్న రైతునకు మేలు, గాని నష్టము తీరదు. ఈ రెండింటిలో మన పద్ధతియే పేదవానికి దగ్గరయైనది. మొక్కజొన్నను మార్క్‌ఫెడ్ ద్వారా మద్దతు ధరకు కొనిపించుట వలన కొందరికి ఈ రెండువేల కంటె ఎక్కువ మేలు జరిగినదనుటయు న్యాయమే.

ఇక కౌలురైతు. వానికై 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టమును చేసిరి. భూయజమాని, సాగుదారుడు పదునొకండు నెలలకు ఒప్పందము వ్రాసికొనిన సాగుదారునికి కార్డు లభించును. భూమిపై హక్కునకు ఆ కార్డు ఆధారము కాదని చట్టమే స్పష్టపరచెను. అయినను యజమాని సంతకము కావలెను. ఇచ్చటనే బండి దిగబడెను. కాగితము పుట్టినచో భూమి పోవునను భయము ఈ ప్రాంతమున తరతరములుగ నాటుకొనియున్నది. విశాఖపట్టణమున, హైదరాబాదున నివసించు యజమాని సంతకమునకు రాడు. వచ్చినను, కార్డు ఇప్పించినచో వచ్చే యేడు చేను మరియొకనికి ఇత్తునని సూచనగ చెప్పును. ఈ జిల్లాలలో సేద్యము చేయువారిలో అత్యధికులు వెనుకబడిన తరగతులవారు. కులమును బట్టి చూచిన అర్హులే, కాగితమును బట్టి చూచిన కారు. కౌలునకు దున్నువాడు వేరొకచోట పావెకరము తన పేర కలిగియున్నచో భూమి లేనివాడు కాడు గనుక పట్టాదారుగ సహాయము పొందెను గాని, కౌలు చేని పక్షమున ఏమియు పొందలేదు. యజమానులందరును దుర్మార్గులని చెప్పుటకు వీలులేదు. వచ్చిన సొమ్మును కౌలులో తగ్గించినవారును ఉందురు. ఇది పాత జమీందారీ మాఫీ వలె మరల దయకు సంబంధించిన విషయమయ్యెను.

కొండ ప్రాంతమున కొంత మెరుగు. సీతంపేట, పార్వతీపురము వైపు సవరలు, జాతాపులు తరతరములుగ పోడు చేసిన భూమికి 2006 నాటి అటవీ హక్కుల చట్టము వలన పత్రములు వచ్చుచుండెను. 2020 అక్టోబరు 2న ప్రభుత్వము క్రొత్తగ హక్కు పత్రముల పంపిణీ మొదలుపెట్టి, అక్టోబరు 27న ఆ పత్రములు పొందిన గిరిజన రైతులకు గడచిన విడతతో కలిపి 11,500 రూపాయలు ఖాతాలలో వేసెను. కాగితము చేతికి వచ్చిన నెల లోపలనే పైకము వచ్చెను. పల్లపు ప్రాంతపు కౌలుదారునికి దుర్లభమైనది కొండపైని సవరకు లభించుట ఈ చరిత్రలో అపురూపమైన సంగతి.

ఆ యేటి తుది విడత డిసెంబరు 29న విడుదల అయ్యెను. ధాన్యము నూర్పిళ్లు ముగిసి సంక్రాంతికి ముందు కౌలు కొలుచు కాలమది. కార్డు గలవారి పేర్లు గ్రామ సచివాలయపు గోడమీది జాబితాలో నుండెను. కార్డు లేనివారు ఎప్పటివలెనే కళ్లము నుండి బస్తాలు తూచి యజమాని యింటికి బండ్లు తోలిరి.